పొద్దుటి మందుకు ముందు

కాలేయ మార్పిడి అయిన కృష్ణా డెల్టా పిల్లలు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో సొంతూరికి తిరిగొస్తారు. వాళ్ల రోగనిరోధక వ్యవస్థను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే పని అక్కడి నుంచి బందరు (మచిలీపట్నం), గుడివాడ, దివిసీమల మీద పడుతుంది.

‘‘అమ్మా, పాపకి పొద్దుటి మందు వేసేశారా?’’

రక్తం తీసేవాళ్లు సూది విప్పకముందే అడగాల్సిన మాట ఇది. కాలేయం మార్చిన పిల్లలకు టాక్రోలిమస్ అనే మందు రోజుకు రెండు పూటలు పడాలి. ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. రక్తంలో ఆ మందు ఎంత నిలిచిందో తెలుసుకునే పరీక్షకు నమూనా తీయాల్సింది రాత్రి మోతాదు పడి పన్నెండు గంటలు నిండాక, పొద్దుటి మోతాదు ఇంకా పడకముందు. రక్తంలో మందు బాగా తగ్గి ఉండే వేళ అది. డాక్టర్లు మోతాదు పెంచినా తగ్గించినా ఆ అంకెను చూసే.

నాగాయలంకలో ఉండే ఒక తల్లిని ఊహించుకోండి. విజయవాడ వెళ్లి రక్తం ఇవ్వాలి. బస్సు ఆలస్యమైతే మందు వేళ దాటిపోతుందేమోనని భయపడి, బయల్దేరే ముందే పాపకు మందు వేసేసింది. ఆమె చేసింది ప్రేమతోనే. కానీ రిపోర్టులో అంకె ఉండాల్సినదానికన్నా చాలా పైకి వస్తుంది. దాన్ని ఫోనులో చూసిన పెద్దాసుపత్రి డాక్టరు మోతాదు తగ్గిస్తారు. అసలే చాలీచాలకుండా ఉన్న మందు ఇంకా తగ్గుతుంది. కొన్ని వారాలకు ఒళ్లు ఆ కాలేయం మీద తిరగబడుతుంది. గంటల తరబడి సాగిన శస్త్రచికిత్స, నాన్న కడుపు కోసి తీసిన కాలేయపు ముక్క, ఊరంతా తలా కొంత వేసిన డబ్బు... ఇన్నీ కలిసి నిలబెట్టిన ప్రాణాన్ని ఎవరూ అడగని ఆ ఒక్క ప్రశ్న ప్రమాదంలో పడేస్తుంది.

గొట్టం విషయమూ ఉంది. టాక్రోలిమస్ ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాలనే అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకని రక్తం గడ్డకట్టకుండా చూసే ఊదారంగు మూత గొట్టంలో పట్టి, రక్తాన్ని యథాతథంగా పంపాలి. మామూలు లివర్ పరీక్షలకు చేసినట్టు గడ్డకట్టించి పైన తేరిన సీరం పంపితే ఆ అంకెకు విలువ లేదు. చీటీ మీద రెండు వేళలు రాయాలి: నిన్న రాత్రి మందు ఎప్పుడు పడింది, ఈ ఉదయం రక్తం ఎప్పుడు తీశారు. ఇది నేర్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊళ్లోని ల్యాబ్ టెక్నీషియన్‌కు ఒక్కసారి చెబితే చాలు.

పసిబిడ్డకు కాలేయం ఎందుకు మార్చాల్సి వస్తుంది?

పిల్లల్లో కాలేయ మార్పిడికి అన్నిటికన్నా పెద్ద కారణం బైలియరీ అట్రీసియా. కాలేయం నుంచి పేగుల్లోకి పైత్యరసం మోసుకెళ్లే నాళాలు మూసుకుపోయే జబ్బు ఇది. రసం కాలేయంలోనే నిలిచిపోయి దాన్ని గట్టిపరుస్తుంది. బిడ్డ కళ్లు పచ్చబడతాయి, దొడ్డి సుద్దలా తెల్లగా వస్తుంది. జపాన్ సర్జన్ మోరియో కసాయి 1950ల్లో రూపొందించిన ఆపరేషన్‌తో పేగునే కాలేయానికి కలిపి రసానికి దారి చేయొచ్చు. అయితే అది పుట్టిన రెండు నెలల లోపు జరిగితేనే మంచి ఫలితం ఉంటుంది. మన దగ్గర ఆ రెండు నెలలూ తరచూ కామెర్ల పసరుకీ, చేతి మీద వాతకీ, ‘పసిపిల్లలకు కామెర్లు మామూలేలే’ అనే ఓదార్పుకీ ఖర్చయిపోతాయి. బాలింత ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లి బిడ్డను చూడాలన్నది ప్రభుత్వ నియమమే. పద్నాలుగో రోజు తర్వాత కూడా కామెర్లు తగ్గలేదా, దొడ్డి ఏ రంగులో వస్తోంది అని ఆ రోజుల్లో అడిగితే చాలా కాలేయాలకు గడువు దొరుకుతుంది. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతటా తల్లుల చేతికి దొడ్డి రంగుల కార్డు ఇస్తున్నారు. అలాంటి కార్డు దివిసీమ తల్లుల చేతిలో ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

గడువు దాటితే మిగిలేది మార్పిడే. 1963 మార్చిలో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మొట్టమొదట ప్రయత్నించింది ఈ జబ్బున్న మూడేళ్ల బాబుకే. ఆ బాబు రక్తస్రావంతో బల్ల మీదే పోయాడు. 1967లో ఒక చిన్నారి ఏడాదికి పైగా బతికింది. ఆ తర్వాత కూడా చాన్నాళ్లు సగం మందికి పైగా ఏడాది దాటేవారు కాదు. లోపం ప్రధానంగా సర్జన్ల చేతిలో లేదు. కొత్త కాలేయాన్ని పరాయిదని గుర్తుపట్టి దాడిచేసే రోగనిరోధక వ్యవస్థను ఎంతమేర అణచాలో తెలియకపోవడమే పెద్ద లోపం. 1980ల్లో సైక్లోస్పోరిన్ వచ్చాక లెక్క మారింది. జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1984లో టాక్రోలిమస్ తీశారు. 1994లో అమెరికాలో కాలేయ మార్పిడికి దానికి అనుమతి వచ్చింది. ఇవాళ మన పిల్లలకు పడేది ఆ మందే.

మన దేశంలో మొదటిసారి విజయవంతంగా కాలేయం మార్చింది 1998 నవంబరులో, ఢిల్లీ అపోలోలో. కాంచీపురానికి చెందిన ఇరవై నెలల బాబుకు తండ్రి తన కాలేయంలో ముక్క ఇచ్చాడు. ఆ బాబు పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. 2016లో చిత్తూరు జిల్లా దంపతులు కాలేయం పాడైన తమ పసిపాపకు వైద్యం చేయించే స్తోమత లేక కారుణ్య మరణానికి అనుమతించమని కోర్టు మెట్లెక్కారు. ఆ వార్త చదివి రాష్ట్రమంతా కలవరపడింది. ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చాక చెన్నైలో మార్పిడి జరిగింది. 2024లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో మూడేళ్ల బాబుకు తల్లి కాలేయంలోని భాగాన్ని అమర్చారు. సర్కారు ఆసుపత్రిలో ఆ స్థాయి శస్త్రచికిత్స జరగడం గర్వించాల్సిన సంగతి.

మన పత్రికల్లో వార్త అక్కడితో ఆగిపోతుంది. బొకేతో డాక్టర్లు, నవ్వుతున్న బిడ్డ, ఫొటో. ఆపరేషన్‌కు చందాలు వస్తాయి, ముఖ్యమంత్రి సహాయ నిధి వస్తుంది. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై ఏళ్లపాటు సాగే రక్తపరీక్షలకు ఎవరూ చందా వేయరు. నా బాధ అక్కడే.

ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే

డెల్టాలో పుట్టినవాళ్లకు కాలువ లాకు తలుపు సంగతి చెప్పక్కర్లేదు. ఎక్కువ ఎత్తితే చేను మునుగుతుంది, దించేస్తే చివరి భూములు ఎండుతాయి. టాక్రోలిమస్ మోతాదూ అంతే. తొలి నెలల్లో మిల్లీలీటరు రక్తానికి సుమారు 8 నుంచి 12 నానోగ్రాములు, ఏడాది దాటాక 5కి కాస్త అటూ ఇటూ ఉంచుతారు. ఆసుపత్రిని బట్టి, బిడ్డను బట్టి ఇది మారుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు.

తక్కువైతే తిరస్కరణ. దీనిలో భయపెట్టే విషయం, మొదట్లో బిడ్డకు ఏమీ తెలియకపోవడం. జ్వరం ఉండదు, కామెర్లు ఉండవు, చక్కగా ఆడుకుంటుంది. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములైన ఎస్‌జీపీటీ, జీజీటీ అంకెలు మాత్రం మెల్లగా పైకి జరుగుతుంటాయి. కళ్లు పచ్చబడే దాకా ఆగితే అప్పటికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే మొదట వారం వారం, తర్వాత నెల నెలా, ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష. అనుమానం వస్తే సూదితో కాలేయంలోంచి పోగంత ముక్క తీసి బయాప్సీ చేస్తారు.

ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తపోటు పెరుగుతుంది, చిన్న చిన్న క్రిములు కూడా పెద్ద జబ్బు తెస్తాయి. పెద్దవాళ్ల కన్నా పిల్లలకు ఎక్కువగా ఉండే ముప్పు మరొకటి ఉంది: ఎప్‌స్టీన్-బార్ వైరస్. పెద్దల్లో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్‌ను ఒంట్లో మోస్తూనే ఉంటారు. మనల్ని ఏమీ చేయదు. అమ్మ కాలేయంతో పాటు అది ఏడాది కూడా నిండని బిడ్డలోకి వెళుతుంది. ఆ వైరస్‌ను ఎన్నడూ చూడని రోగనిరోధక వ్యవస్థ అది. పైగా మందుతో అణచి ఉంచింది. అదుపు తప్పితే తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరిగి లింఫోమా లాంటి క్యాన్సర్‌కు దారితీస్తాయి. రక్తంలో వైరస్ ఎంత ఉందో పీసీఆర్‌తో ఎప్పటికప్పుడు లెక్కపెట్టి, పెరుగుతుంటే టాక్రోలిమస్ తగ్గించడం మొదటి వైద్యం. తగ్గిస్తే మళ్లీ తిరస్కరణ భయం. డాక్టర్లు ఈ రెండిటి మధ్య ఇరుకు దారిలో బిడ్డను నడిపిస్తుంటారు. మెడలో, చంకల్లో బిళ్లలు కట్టడం, తగ్గని జ్వరం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే ‘మామూలు బిళ్లలే’ అని వదిలేయకూడదు.

పంపర పనస, విరేచనాలు, ఒక యాంటీబయోటిక్

పెద్దాసుపత్రిలో ఇచ్చే కాగితంలో ద్రాక్షపండు జాతికి చెందని ‘గ్రేప్‌ఫ్రూట్’ తినొద్దని ఉంటుంది. అవనిగడ్డ సంతలో అది దొరకదు కనుక ఇంట్లోవాళ్లు ఆ మాట పట్టించుకోరు. దాని సొంత చుట్టం మాత్రం మన పెరళ్లలోనే కాస్తుంది: పంపర పనస. పేగు గోడలో మందును విరిచేసే ఎంజైమును ఇవి రెండూ పనిచేయనివ్వవు. దాంతో టాక్రోలిమస్ రక్తంలోకి ఎక్కువగా వెళ్లిపోతుంది. పంపర పనస తిన్న రోగిలో మందు స్థాయి పెరిగిన సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. వినాయక చవితి పాలవెల్లికి కట్టిన కాయను తర్వాత ఒలిచి తినే ఇళ్లు మనవి. డెల్టా పిల్లల కాగితంలో ఆ పేరు తెలుగులో ఉండి తీరాలి.

విరేచనాలు పట్టుకుంటే మందు బయటికి పోయి రక్తంలో తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. టాక్రోలిమస్ విషయంలో జరిగేది దానికి తలకిందులు. పేగు పైపొర దెబ్బతిని, ఆ ఎంజైము తగ్గి, మందు రెట్టింపుగా పీల్చుకోవచ్చు. ఒంట్లో నీరూ తగ్గి మూత్రపిండాల మీద భారం పడుతుంది. మంచినీళ్ల చెరువుల మీద ఆధారపడే దివిసీమ ఊళ్లలో, వర్షాకాలంలో, ఇది పుస్తకాల్లోని హెచ్చరికగా మిగిలిపోయేది కాదు. నీళ్లు మరిగించి చల్లార్చాలి. రెండో రోజుకు విరేచనాలు ఆగకపోతే మందు స్థాయి చూపించాలి.

మూడోది ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జరుగుతుంది. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే చేయి పట్టుకుని చూసేది ఆయనే. ఆయన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ జాతి యాంటీబయోటిక్ ఇస్తే టాక్రోలిమస్ ఎగబాకుతుంది. ఫంగస్‌కు వాడే ఫ్లుకొనజోల్‌తోనూ అంతే. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ పడగొట్టేస్తాయి. ఐబుప్రొఫెన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి, పెద్దాసుపత్రి ఫోన్ నంబరుతో ఆయన గోడకు అంటించాలి. మందుల షాపు అబ్బాయికీ ఒక మాట చెప్పాలి. ‘అదే మందేనండీ, కంపెనీ వేరు’ అని మార్చి ఇవ్వకూడదు. కంపెనీ మారిస్తే డాక్టరుకు చెప్పాలి, మళ్లీ పరీక్ష చేయించాలి.

కొవిడ్ తర్వాత మన ఇళ్లలో ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు చేరాయి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. పైగా మార్పిడి అయిన బిడ్డలో మనం ఏళ్ల తరబడి జాగ్రత్తగా అణచి ఉంచేదే ఆ ఇమ్యూనిటీని. బంధువులు ప్రేమతో తెచ్చినా, పిన్ని పంపినా, పూజారిగారు చెప్పినా ఆ పొడి బిడ్డ నోట్లో పడకూడదు.

పోలియో ఆదివారం

టీకాల్లో రెండు రకాలు. చచ్చిన క్రిములతో చేసినవి మార్పిడి తర్వాత కూడా, డాక్టరు చెప్పిన వేళకు, వేయించవచ్చు. ఏటా ఫ్లూ టీకా తప్పక వేయించాలి. బతికున్న, బలహీనపరిచిన క్రిములతో చేసినవి (తట్టు-రుబెల్లా, ఆటలమ్మ, నోట్లో వేసే పోలియో చుక్కలు) మార్పిడి తర్వాత సాధారణంగా వేయరు. అందుకే వీలైనన్ని టీకాలు మార్పిడికి ముందే త్వరత్వరగా వేయించేస్తారు.

పల్స్ పోలియో ఆదివారం తర్వాతి రోజుల్లో అంగన్‌వాడీ ఆయా, ఏఎన్‌ఎం ఇంటింటికీ వస్తారు. వేలికి సిరా గుర్తు లేని బిడ్డ కనబడితే చుక్కలు వేయకుండా కదలరు. వాళ్ల నిబద్ధత వల్లే ఈ దేశంలో పోలియో పోయింది. అయితే ఈ బిడ్డకు చుక్కలు వద్దని చెప్పే డాక్టరు చీటీ ఇంట్లో సిద్ధంగా ఉండాలి. చెల్లికో తమ్ముడికో చుక్కలు వేయించే ముందు కూడా అడగాలి. ఎందుకంటే చుక్కల్లోని వైరస్ కొన్ని వారాలు వాళ్ల దొడ్డిలో బయటికొస్తుంది. బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే మేష్టారు అదే రోజు ఫోను చేయాలి. కొద్ది రోజుల్లోనే వైద్యం మొదలుపెట్టాలి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడం మొక్కుకున్నవాళ్లు మొక్కు మానుకోనక్కర్లేదు. జనం తక్కువగా ఉండే రోజు చూసుకుని, డాక్టరుతో మాట్లాడి వెళితే సరి.

మందు మానేయగలమా?

ప్రతి తల్లీ అడిగే ప్రశ్న. కాలేయానికి ఒక గుణం ఉంది. మిగతా అవయవాలకన్నా అది కొత్త ఒంటితో తొందరగా సర్దుకుపోతుంది. అమెరికాలో తల్లిదండ్రుల కాలేయం పొందిన 20 మంది పిల్లలకు క్రమంగా మందు తగ్గించి చూస్తే 12 మంది ఏడాదికి పైగా మందు లేకుండా నిలిచారు. ఆ అధ్యయనం 2012లో వచ్చింది. తర్వాత అన్ని రకాలుగా స్థిరంగా ఉన్నారని బయాప్సీతో సహా ఎంచుకున్న 88 మందితో ఇంకా పెద్ద అధ్యయనం చేశారు. దాని ఫలితం 2021లో వచ్చింది. నిలిచింది 33 మంది. అంటే అంత జల్లెడ పట్టి ఎంచినవారిలో కూడా ఎక్కువమందికి మందు తప్పలేదు. ఆ పని నిపుణుల కనుసన్నల్లో, పదే పదే పరీక్షలతో, నెలల తరబడి జరిగింది. ఇంట్లో సొంతంగా మానేయడమంటే కాలేయాన్ని పోగొట్టుకోవడమే.

ఎవరికి మందు తగ్గించవచ్చో ముందే చెప్పే పరీక్ష కోసం వెతుకులాట సాగుతోంది. టాక్రోలిమస్ అంకె రక్తంలో మందు ఎంత ఉందో చెబుతుంది. రోగనిరోధక కణాలు ఎంత కోపంగా ఉన్నాయో చెప్పదు. పిట్స్‌బర్గ్‌లో రాకేశ్ సింధి బృందం బిడ్డ కణాలనూ దాత కణాలనూ కలిపి, ఎన్ని కణాలు దాడికి సిద్ధమవుతున్నాయో లెక్కించే పరీక్ష తయారు చేసింది. 2014లో అమెరికా దానికి పిల్లల విషయంలో అనుమతి ఇచ్చింది. మనందరి రక్తంలో హాని చేయకుండా ఉండే టార్క్ టెనో వైరస్ స్థాయిని బట్టి రోగనిరోధక శక్తి ఎంత అణగి ఉందో అంచనా వేయొచ్చా అని కూడా చూస్తున్నారు. ఇవన్నీ బందరుకు ఎప్పటికి వస్తాయో గానీ, ఇవాళే వాడుకోగలిగినది ఒకటుంది. దానికి కావాల్సింది ఒక నోటుపుస్తకం.

న్యూయార్క్ వైద్యుడు ఇయాల్ షెమెష్ బృందం 400 మంది పిల్లల టాక్రోలిమస్ అంకెలను వరసగా పెట్టి చూసింది. ఒక్కో అంకె విడిగా బాగానే కనిపించవచ్చు. ఒకసారి 3, ఒకసారి 9, ఇంకోసారి 4 అంటూ ఊగుతుంటే మాత్రం మందు సక్రమంగా పడటం లేదని అర్థం. ఆ ఊగిసలాట 2 దాటిన పిల్లల్లో తర్వాత తిరస్కరణ ఎక్కువగా వచ్చింది. సగటు నుంచి అంకెలు ఎంత దూరం జరుగుతున్నాయో చూసే ఈ లెక్క ఇంటర్ లెక్కల పుస్తకంలోదే. రిపోర్టులు విడి కాగితాలుగా బీరువాలో పడి ఉంటే ఇది కనబడదు. ఒకే పుస్తకంలో తేదీ, మోతాదు, అంకె, ఎస్‌జీపీటీ వరసగా రాస్తే ఏ పిల్లల డాక్టరైనా నిమిషంలో చూసి చెప్పగలరు.

బందరులో చేయగలిగింది

మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. బందరులో, గుడివాడలో పిల్లల డాక్టర్లున్నారు. టాక్రోలిమస్ యంత్రం ఇక్కడే ఉండనక్కర్లేదు. ఉదయం ఏడున్నరకు సరైన గొట్టంలో రక్తం తీసి, చల్లగా ఉంచి, విజయవాడకో హైదరాబాద్‌కో పంపే ఏర్పాటు చాలు. అప్పుడు కోడూరు బిడ్డ ఖాళీ కడుపుతో, మందు లేకుండా బస్సులో ఊగిపోనక్కర్లేదు. మార్పిడి చేసిన ఆసుపత్రి డాక్టరూ ఇక్కడి డాక్టరూ ఫోనులో ఒకరికొకరు అందుబాటులో ఉండాలి.

మందు నిల్వ మరో సంగతి. ఎదురుమొండి దీవికి ఏటిమొగ దగ్గర పంటు దాటాలి. వరదొస్తే పంటు కదలదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చింది; ఆ రోజుల్లోనే బుడమేరు పొంగి విజయవాడలో చాలా భాగం మునిగింది. అలాంటి రోజున మందు అయిపోతే ఏం చేస్తాం? ఈ ఇళ్లలో ఎప్పుడూ కనీసం నెలకు సరిపడా మందు ముందుగా ఉండాలి, తడవని డబ్బాలో. ఏఎన్‌ఎం దగ్గర గర్భిణుల జాబితా ఉన్నట్టే, తుపాను హెచ్చరిక రాగానే ఎవరి ఇంటికి వెళ్లి మందు ఉందా అని అడగాలో తెలిపే జాబితా ఉండాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన ఈ నేలకు ముందుజాగ్రత్త విలువ ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పదహారేళ్ల వయసు. పసితనంలో మందు అమ్మ చేతిలో ఉంటుంది. పదో తరగతి అయ్యాక పిల్ల ఇంటర్ హాస్టల్‌కు వెళుతుంది. రాత్రి ఎనిమిదికి స్టడీ అవర్. ఫోను లోపలికి రానివ్వరు కాబట్టి అలారం లేదు. పక్కనున్న స్నేహితురాళ్ల ముందు మాత్ర మింగితే ‘నీకేమైంది’ అంటారని సిగ్గు. ఒంట్లో ఏ బాధా లేదు గనుక రెండు రోజులు మానేసినా ఏమీ కాలేదనిపిస్తుంది. ఏళ్లు గడిచాక కాలేయాన్ని పోగొట్టుకునే పిల్లల్లో చాలామంది ఈ వయసులోనే, ఇలాగే పోగొట్టుకుంటారు. చేర్పించే రోజే డాక్టరు రాసిన ఉత్తరాన్ని ప్రిన్సిపాల్ చేతిలో పెట్టి మాట్లాడాలి. రాత్రి ఎనిమిదికి రెండు నిమిషాలు లేచి వెళ్లడానికి అనుమతి, చేతికి అలారం మోగే మామూలు గడియారం, వార్డెన్ దగ్గర వారానికి సరిపడా అదనపు మందు అడిగి తీసుకోవాలి. మందు పేరు, మోతాదు, తన జబ్బు పేరు, ఎవరికి ఫోను చేయాలో పిల్లే స్వయంగా చెప్పగలగాలి. అది పన్నెండో ఏట నుంచే నేర్పాలి. డాక్టరు గదిలో ప్రశ్న అమ్మను కాకుండా తనను అడగాలి. ఇంటర్ కాలేజీలు తెరిచేది జూన్‌లో. హాస్టల్లో చేరాక మొదటి టాక్రోలిమస్ పరీక్షను దసరా సెలవుల దాకా ఆపకుండా జులైలోనే చేయించండి.